పది గడుల కాగితం

లొరేన్ డయ్యర్ ఆ కాగితాన్ని మూడోసారి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది.

పది గడులున్న కాగితం. బడి బయట పిల్లలు చేసేవి, ఆటో పాటో, సేవో ఉద్యోగమో, గడికొకటి చొప్పున రాయాలి. వారానికి ఎన్ని గంటలో, ఏడాదికి ఎన్ని వారాలో వెయ్యాలి. పక్కన, అది కళ్ళారా చూసిన పెద్దవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి. టెస్ బీల్ ఇచ్చిన దాంట్లో తొమ్మిది గడులు ఖాళీ. నిండిన ఒక్క గడిలో రెండు ముక్కలు: "సొంత పడవ మీద లాబ్‌స్టర్ల వేట. నూటయాభై బోనులు." వారానికి ముప్పై గంటలు, ఏడాదికి ఇరవై ఆరు వారాలు. పక్కన సంతకం ఆల్టన్ బీల్‌ది. పిల్లకు తాత.

"ముప్పై గంటలట," అంది లొరేన్, గదిలో ఎవరూ లేకపోయినా. "పగలంతా బడిలో ఉండే పిల్లకి."

పోయినేడు ఒక కుర్రవాడు లేని వాద్యబృందానికి నాయకుడినని రాశాడు. కాలేజీ వాళ్ళు ఫోను చేసి అడిగితే బడి పరువు పోయింది. అప్పటినుంచి ప్రిన్సిపల్ గేన్యన్ ఈ సంతకాల పద్ధతి పెట్టింది. సరిచూసి ముద్ర వేసే పని బడి ఆఫీసులో ఉండే లొరేన్‌ది. ఆ ముద్ర పడితే తప్ప బడి తరఫు ఉత్తరం కాలేజీకి వెళ్ళదు. బాస్టన్ దగ్గర ఓడలు కట్టే చదువు చెప్పే కాలేజీకి టెస్ దరఖాస్తు రాసింది. దాని గడువు నవంబరు ఒకటి, వచ్చే మంగళవారం.

కాగితానికి వేట లాగ్ బుక్కు నకళ్ళు కూడా జతచేసింది. మైనరు పిల్లలు లైసెన్సు మీద వేటాడాలంటే ఏ రోజు ఎన్ని గంటలు నీళ్ళ మీద ఉన్నదీ రాసి, బాధ్యత వహించే పెద్దాయనతో ఏ రోజుకా రోజు సంతకం పెట్టించుకోవాలి. లొరేన్ కళ్ళజోడు ముక్కు మీదకు జార్చుకుని పేజీలు తిరగేసింది. పోయినేటి సంతకాలన్నీ చేపల గాలాల్లా వంకరగా, సన్నగా, కుడికి వాలి ఉన్నాయి. ఈ ఏడు మే నెల నుంచి మాత్రం, మొదట్లోవి కాస్త వణికినా, గుండ్రంగా, నిటారుగా, పెద్ద పెద్ద అక్షరాలు. చివరి అక్షరం తోక పైకి మెలి తిరిగి ఉంది.

ఆమె టెస్ సొంత సంతకం పక్కన పెట్టి చూసింది. అదే గుండ్రం, అదే మెలిక.

"దొరికావే పిల్లా," అనుకుంది. ఛాతీలో చిన్న వెచ్చదనం. తప్పు పట్టుకున్నప్పుడల్లా ఆమెకు అలాగే ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే హాస్కెల్ గారి భార్య వచ్చింది. ఊళ్ళో పళ్ళ డాక్టరు భార్య. కొడుకు కార్టర్ కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది, దాంతోపాటు రేకులో చుట్టిన గుమ్మడికాయ కేకు.

"పది గడులూ నిండాయండీ," అంది నవ్వుతూ. "పదకొండోది పెట్టలేదేమని మావాడు నామీద అలక. ఈ పదిమంది వెంటా తిరిగేసరికి నా కాళ్ళరిగిపోయాయనుకోండి."

"మీకు ఓపికెక్కువమ్మా," అంది లొరేన్. కేకు ఇంకా గోరువెచ్చగా ఉంది.

తీర శుభ్రతా సంఘం స్థాపకుడు, చెల్లో వాయిద్యం, తెరచాప పడవల జట్టు, వృద్ధులకు కంప్యూటరు నేర్పడం. ప్రతిదానికీ నీలం సిరాతో పొందికైన సంతకం, పక్కన ఫోను నంబరు. లొరేన్ కేకు ముక్క నోట్లో వేసుకుని, పైనుంచి కిందికి ఒకసారి వేలు పోనిచ్చి, ముద్ర కొట్టింది. కప్పులో కాఫీ చల్లారనేలేదు.

సాయంత్రం ఇంట్లో చేపల సూపు గరిటతో పోస్తూ ఆమె భర్త రోయిస్‌ని అడిగింది, "బీల్ ముసలాడు వేటకి వెళ్తున్నాడా?"

రోయిస్ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. రేవులన్నీ అతని కాళ్ళకింద ఉన్నట్టే. "ఆల్టనా? ఈ ఏడు ఒడ్డున కనబళ్ళేదు. ఒంట్లో బాలేదంటారు మరి. వాళ్ళు చెప్తేగా. ఆ చివర కొండకొమ్ము మీద ఇల్లు, ఎవర్నీ గుమ్మం ఎక్కనివ్వరు."

"ఒంట్లో బాలేనోడు రోజూ సంతకం ఎలా పెట్టాడో?"

"నువ్వు పోలీసులో చేరాల్సింది, లొరేన్."

"నిన్ను చేసుకున్నప్పుడే చేరా. నీ గడ్డానికి ఆ తెల్లపొడి ఏంటి?"

రోయిస్ గడ్డం తుడుచుకున్నాడు. డాక్టరు తీపి మానెయ్యమని చెప్పి ఏడాదైంది. "వర్క్‌షాపులో పెయింటు."

"వాసన చూపించు."

అతను మాట మార్చాడు.

శుక్రవారం టెస్ ఆఫీసుకొచ్చేసరికి గదిలో ఎర చేపల వాసన పరుచుకుంది. పదిహేడేళ్ళ పిల్ల, ఊలు టోపీ చెవుల దాకా లాక్కుని ఉంది. వేళ్ళ కొసలు ఉప్పునీటికి పగిలి, చూపుడు వేలి మీద రబ్బరు బ్యాండ్ల గీతలు.

"కూర్చో. ఈ సంతకం ఎవరిది?"

"తాతది."

"మరి ఇదీ?"

"అదీ తాతదే."

"ఒక మనిషికి రెండు చేతిరాతలా?"

టోపీ కింద పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"మీ ఇంటికి ఫోను చేశాను, మూడుసార్లు. ఎవరూ ఎత్తరేం?"

"తాత ఫోనెత్తడు."

"ఎందుకని?"

"ఇష్టముండదు."

"చూడమ్మా, ఇది ఆటకాదు. నీ చేత్తో ఆయన సంతకం నువ్వే పెట్టావనుకో, కాలేజీ సంగతి అటుంచు, లైసెన్సు పోతుంది."

"నేను పెట్టలేదు."

"ఎవరు పెట్టారు మరి?"

"చెప్పాగా మిస్ లొరేన్. తాతని అడగండి. నన్నడిగితే ఇంతే."

లొరేన్ కాగితం మీద పెన్నుతో తట్టింది. "సరే. మిగతా తొమ్మిదీ ఖాళీ పెట్టావెందుకు?"

"చేసింది ఒకటే కాబట్టి. చెయ్యనివి రాయమంటారా?"

ఆ మాట గుచ్చుకుంది. పిల్ల వెళ్ళాక కూడా ఎర వాసన పోలేదు. లొరేన్ తన అనుమానం ఒక చీటీ మీద రాసి, నకళ్ళతో పాటు ప్రిన్సిపల్ గదికి వెళ్ళి ఇచ్చింది. గేన్యన్ రెండు సంతకాలూ చూసి నిట్టూర్చింది. "మళ్ళీనా! సరే, సోమవారం దాకా ఫైలు పక్కన పెట్టు. ఈలోగా తేలితే తేలినట్టు. తేలకపోతే ముద్ర లేదు, ఉత్తరం లేదు."

"నేనే వెళ్ళి తేలుస్తా," అంది లొరేన్.

శనివారం పొద్దున్న ఆరింటికి రేవు పైన గట్టు మీద కారు ఆపి, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని కూర్చుంది. ఎవడో పినతండ్రో, ఎవరో కూలివాడో పడవ ఎక్కుతాడని, పిల్ల పేరుమీద బోనులు లాగుతాడని ఆమె ఆలోచన. ఇరవై నిముషాలకు టెస్ వచ్చింది. ఒక్కతే. ఎర తొట్టెలు మూడు, ఒక్కొక్కటీ తొడమీద ఆనించుకుని మెట్లు దింపింది. నాలుగోది దింపుతూ తలెత్తి కారును చూసింది.

తప్పించుకునే దారి లేక లొరేన్ అద్దం దించింది.

"చూట్టానికొచ్చారా?"

"ఇటుగా వెళ్తూ..."

"ఒడ్డునుంచి ఏం కనబడుద్దండీ. ఎక్కండి, బాగా కనబడుద్ది."

వెక్కిరింతో పిలుపో తెలియలేదు. లొరేన్ తండ్రి కూడా ఇవే నీళ్ళలో ముప్పై ఏళ్ళు బోనులు వేసినవాడే. ఆమె కోటు గుండీలు పెట్టుకుని మెట్లు దిగింది.

నీటి మీద చలి కత్తిలా ఉంది. బోను ఎక్కడుందో చూపే పసుపూ ఆకుపచ్చా రంగుల బెండు దగ్గర పడవ మందగించింది. టెస్ కొక్కెం కర్రతో తాడు అందుకుని, చక్రానికి చుట్టి లాగింది. ఇనుప తీగల బోను నీళ్ళు కారుస్తూ అంచు మీదకు వచ్చింది. పీతల్ని విదిలించి పారేసింది. లాబ్‌స్టర్‌ని వీపు పట్టి ఎత్తి, కంటి గుంట నుంచి వీపు చివరి దాకా ఇత్తడి కొలత ఆనించింది. వెంట్రుకవాసి తక్కువ. నీళ్ళలోకి విసిరింది. ఇంకోటి చాలింది. పంజాలకు రబ్బరు బ్యాండ్లు తొడిగి తొట్టెలో వేసింది. కొత్త ఎర కట్టి, బోను మళ్ళీ తోసింది. మొత్తం రెండు నిముషాలు కూడా పట్టలేదు. తరవాతిది. తరవాతిది. లొరేన్ చూపు దానంతట అదే చేతిగడియారం మీదకు పోతోంది, గంటలు లెక్కేయడానికి.

పదమూడో బోనులో పెద్దది పడింది. ముంజేతి పొడవు, బరువుకు టెస్ మణికట్టు వంగింది. తిప్పి చూస్తే పొట్టకింద నల్లని గుడ్లు, ద్రాక్షగుత్తిలా. టెస్ జేబులోంచి చిన్న పనిముట్టు తీసి, తోక రెక్కకు గాటు పెట్టింది. ఇక అది ఎవరి బోనులో పడినా, గుడ్లున్నా లేకున్నా, గాటు చూసి వదిలెయ్యాల్సిందే.

చుట్టూ మైలు మేర ఒక్క పడవ లేదు.

"అంత పెద్దది," అంది లొరేన్. "ఇక్కడ చూసేవాళ్ళెవరున్నారులే."

ఆమె ఏ ఉద్దేశంతో అందో ఆమెకే తెలియదు. టెస్ మాత్రం, ఎవరో అసహ్యమైన మాటన్నట్టు చూసింది.

"గుడ్లున్నాయిగా," అంది. రెండు చేతులతో నీటి మట్టం దాకా దించి, మెల్లిగా వదిలింది.

తొమ్మిదిన్నరకు, వరసలో సగం బోనులు మిగిలుండగానే, టెస్ పడవ ముక్కు ఒడ్డుకు తిప్పింది. లొరేన్‌లో తీరిపోతోందనుకున్న అనుమానం మళ్ళీ లేచి కూర్చుంది.

"ఇప్పుడే ముగించావా? ముప్పై గంటలంటే ఇవేనా?"

"ముగించలేదు. గంట పనుంది. మళ్ళీ వస్తా."

"ఏం పని?"

టెస్ చుక్కాని సరిచేసి అంది, "మీరెటూ తాతని అడగాలిగా. పదండి అడుగుదురు గాని. కానీ చూసింది రేవులో చెప్పొద్దు. ఒట్టెయ్యండి."

"అదేంటి, ముందే ఒట్లేంటి?"

"ఒట్టేస్తేనే గుమ్మం ఎక్కేది."

లొరేన్ ఇష్టం లేకుండానే తల ఊపింది.

కొండకొమ్ము మీద ఇంటి వంటగదిలో ఆల్టన్ బీల్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో మరిచిపోయిన చేతితొడుగులా పడి ఉంది. నోరు ఒకవైపు జారింది. అతను లొరేన్‌ని చాలాసేపు చూశాడు.

"విన్‌స్లో... కూతురివి... కాదూ?" మాటలు ఒక్కొక్కటీ బురదలోంచి లాగుతున్నట్టు వచ్చాయి. "మీ నాన్న... నా బోనుల తాళ్ళు కోశాడు."

"ముందు మీరే కోశారనేవాడు మా నాన్న."

"అదీ... నిజమే," అన్నాడు ఆల్టన్, నోటిలో సగంతో నవ్వుతూ.

టెస్ అప్పటికే చేతులు సబ్బుతో రుద్దుకుంది. పొయ్యి మీద ఓట్స్ గంజి వేడిచేసి, మెడకు తువ్వాలు కట్టి, చెంచా చెంచాకూ గడ్డం తుడుస్తూ తినిపించింది. తరవాత కుర్చీ వెనక్కి వాల్చి గడ్డం గీసింది. చచ్చిన చేతిలో రబ్బరు బంతి పెట్టి, తన చేతితో మూసి, తెరిచి, మూసి, ఇరవైసార్లు లెక్కపెట్టింది. తొందరా లేదు, జాలీ లేదు. బోనుకు ఎర కట్టినట్టే ఇదీ.

"ఎప్పటినుంచి?" అంది లొరేన్ గొంతు తగ్గించి.

"ఏప్రిల్ ఆఖరి నుంచి. రేవులో తెలిస్తే, ముసలాడు ఇక రాడని తాత జాగాలో వాళ్ళ బోనులు పడిపోతాయి. నీళ్ళ మీద గీతలుంటాయేంటి అడగడానికి? మనిషుంటేనే జాగా. అందుకే చెప్పలేదు."

నిజమే. అది లొరేన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. తండ్రి నడుం విరిగి మంచాన పడ్డ వేసవిలో వాళ్ళ జాగా మూడు వారాల్లో పోయింది.

అప్పుడామె చూపు ఫ్రిజ్ తలుపు మీద పడింది. ఒకటో తరగతి పిల్లల గీతల కాగితాలు, అయస్కాంతాలతో అంటించి, పైనుంచి కింది దాకా. ఒక్కో కాగితం పైవరసలో గుండ్రటి, నిటారు అక్షరాలు, చివర మెలిక. టెస్ చేతిరాత. కింది వరసల్లో అవే అక్షరాలు వణుకుతూ, గీత దాటుతూ. కాగితం మారేకొద్దీ వణుకు తగ్గి, కుదురుకుంటూ.

లొరేన్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

టెస్ లాగ్ బుక్కు తెచ్చి తాత ముందు పెట్టి, పేజీ కదలకుండా ఉప్పుడబ్బా ఆనించింది. ఆల్టన్ ఎడమ చేత్తో పెన్ను పిడికిలిలా పట్టాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి, అది అయ్యాక వదిలాడు. చివరి అక్షరం తోక మెలి తిప్పి, పెన్ను కింద పెట్టి, లొరేన్ వైపు చూశాడు.

"ఈ చెయ్యి... మొన్ననే... బళ్ళో చేరిందమ్మాయ్. మీ బళ్ళో... చేర్చుకుంటారా?"

లొరేన్‌కి నవ్వు రాలేదు. మొహం కాలిపోతోంది. చేతిసంచిలోంచి పది గడుల కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"ఇదెక్కడ రాశావు, టెస్?"

"ఏది?"

"ఈ గంట. ఈ తినిపించడం, గడ్డం గియ్యడం, ఈ రాత. రోజుకెన్నిసార్లు?"

"మూడు. పొద్దున్న, ఇప్పుడు, రాత్రి. బడి రోజుల్లో మధ్యాహ్నం అన్నం గంటలో."

"ఇది రాయొచ్చు. గడులు దీనిక్కూడా ఉన్నాయి."

టెస్ నవ్వింది, నమ్మలేనట్టు. "ఇది పనేంటండీ. తాత. తాతని గడిలో రాస్తారా ఎవరైనా?"

"రాస్తారు. సూచనల్లోనే ఉంది, ఇంటి బాధ్యతలని."

"మాకెవరూ చెప్పలేదే."

చెప్పాల్సిన మనిషి బల్లకు ఇవతల కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ సూచనల కాగితం పంచుతోంది లొరేన్. ఆ మాట రెండో పక్క, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది. రేవు పిల్లల్లో ఒక్కరికి కూడా ఆమె వేలు పెట్టి చూపించలేదు.

"నాకొద్దు," అంది టెస్. "తాత చెయ్యి చూపించి సీటడిగినట్టుంటుంది."

ఆల్టన్ ఎడమ చెయ్యి బల్ల మీద మెల్లగా కొట్టాడు. "రాయి... పిల్లా. బాస్టనోళ్ళు... నా జాగాలో... బోనులెయ్యడానికి రారుగా."

టెస్ పెన్ను తీసుకుని రెండో గడిలో రాసింది: "తాతకు ఎడమ చేత్తో రాయడం నేర్పుతున్నాను. ఆయన నాకు ఇంజను నేర్పుతున్నాడు." వారానికి గంటలు అన్నచోట ఏడు వేసింది.

"ఏడేంటి?" అంది లొరేన్. "ఎంత తగ్గించినా రోజుకి రెండు గంటలు. పద్నాలుగవుతుంది."

"తాత తినేటప్పుడు నేనూ తింటాగా. మధ్యలో కబుర్లు కూడా చెప్పుకుంటాం. అదంతా తీసేశా."

వేటకు రాసిన ముప్పై గంటల్లో ఏమేం తీసేసిందో లొరేన్‌కి అడగాలనిపించింది.

పక్కన సంతకం చోటుంది. కాగితం తాత ముందుకు జరిగింది. ఉప్పుడబ్బా మళ్ళీ ఆనింది. ముగ్గురూ అక్షరం అక్షరానికీ ఎదురుచూశారు.

ఆ రాత్రి భోజనం దగ్గర రోయిస్ మీసం మీద పంచదార పొడి స్పష్టంగా కనిపించింది. లొరేన్ చూసి, గిన్నెలో చిక్కుళ్ళు వడ్డించి ఊరుకుంది. ఆమె ఊరుకోవడంతో అతనికే భయం వేసింది. "ఒక్క డోనట్టే తిన్నా," అన్నాడు తనంతట తనే.

సోమవారం పొద్దున్నే ఆమె ప్రిన్సిపల్ గదికి వెళ్ళింది.

"బీల్ పిల్ల కాగితం నిజం. సంతకాలు ఆయనవే. నా కళ్ళముందే పెట్టాడు. పొరపాటు నాది."

"రెండు చేతిరాతలన్నావు?"

"రెండు చేతులు," అంది లొరేన్. "అంతకన్నా అడక్కండి, ఒట్టేసి వచ్చాను. ఆ పిల్లమీద నేనిచ్చిన చీటీ చింపెయ్యండి, నేను చూస్తుండగా."

గేన్యన్ విచిత్రంగా చూసి, చింపింది.

తన బల్ల దగ్గరికొచ్చి లొరేన్ టెస్ కాగితానికి ముద్ర వేసింది. సిరా ఆరడానికి ఊదింది. పంపాల్సినవాటి దొంతర మీద పెట్టబోతే, పైన కార్టర్ హాస్కెల్ కాగితం ఉంది. దాని మూల గుమ్మడికాయ కేకు నూనె మరక, ఒక చిన్న తునక ఇంకా అంటుకుని ఉంది. ఆమె దాన్ని గోటితో గీరేసింది.

తరవాత, ఎందుకో, ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది.

పది పేర్లు. పదిమంది మనుషులు. చెల్లో మాస్టరు, పడవల కోచ్, గ్రంథాలయం ఆవిడ, శుభ్రతా సంఘం పెద్ద. పదింటికీ మొదటి అక్షరం ఒకేలా పొడుగ్గా లేచి, పదింటికీ చివరి గీత ఒకేలా కిందికి జారి, చుక్కతో ఆగింది. మధ్యలో వాలు మార్చాలని చూసినచోట సిరా కొంచెం తడబడింది. గురువారం ఇదంతా ఇక్కడే, ఇదే వెలుగులో ఉంది. చూడ్డానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు.

గేన్యన్ తలుపులోంచి తల పెట్టింది. "టపా మనిషి వచ్చే వేళైంది, అన్నీ అయ్యాయా?"

"ఒకటి ఆగింది."

"కార్టర్‌దా? దానికి ముద్ర పడిందిగా!"

"పడింది," అంది లొరేన్. "నేనే వేశాను."

ఫోను దగ్గరకు లాక్కుని, మొదటి గడి పక్కనున్న నంబరు మీద వేలు పెట్టి, అంకె అంకె నొక్కడం మొదలుపెట్టింది.